భుజంతో చెమట తుడుచుకునేవాళ్లం

ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను గెలిచిన కప్పుల కథ కాదు. కప్పులు మా ఇంట్లో అటక మీద పడున్నాయి, కావాలన్నవాళ్లు వచ్చి దుమ్ము దులిపి చూసుకోవచ్చు. నేను చెప్పబోయేది ఒక్క మాట గురించి. "తప్పయింది" అనే ఆ ఒక్క మాట నా నోటితో అనిపించాలని ఒక పెద్దమనిషి ఏళ్ల తరబడి నా వెంట పడ్డాడు. ఆ మాట అంటే నా ఉద్యోగం పర్మనెంటు, అనకపోతే టెంపరరీ. నేను అనలేదు. ఎందుకనలేదో తెలియాలంటే మా బాస్కెట్‌బాల్ కోర్టు ఎలాంటిదో తెలియాలి.

వరంగల్‌లో మిర్చి మార్కెట్టు వెనక, మా వాడను ఆనుకొని, పెద్ద సిమెంటు గచ్చు ఒకటి ఉండేది. అది వేసింది మిర్చి ఆరబోయడానికి. మా బడి డ్రిల్లు సారు ఎవరెవరినో బతిమాలి దానికి రెండు చివరలా ఇనుప స్తంభాలు పాతించి, బోర్డులు బిగించి, సున్నంతో గీతలు గీయించాడు. అంతమాత్రాన అది కోర్టయిపోతుందా! పంట దిగడం మొదలైందంటే మరిపెడ నుంచీ తొర్రూరు నుంచీ రైతులు బండ్లు కట్టుకొని వచ్చి, ఎప్పటిలాగే ఆ గచ్చు మీద కాయ పోసుకునేవాళ్లు. సారు వాళ్లతో కొట్లాడలేదు, వాళ్లూ సారుతో కొట్లాడలేదు. పగలంతా మిర్చి, సాయంత్రం ఆట. ఎండ వాలగానే మేము ఆడపిల్లలం చీపుర్లు పట్టుకొని కాయనంతా ఒక పక్కకు ఊడ్చి, కుప్ప చేసి, మీద పట్టా కప్పి ఆటకు దిగేవాళ్లం.

ఊడిస్తే కాయ పోతుంది గానీ కారం ఎక్కడికి పోతుంది? గచ్చు నెర్రెల నిండా గింజలు, ఎర్రటి దుమ్ము. బంతి నేలకు తగిలినప్పుడల్లా ఇంత దుమ్ము అంటించుకొని లేచేది. బంతి మీది నుంచి అది మా చేతులకు వచ్చేది. ఇక ఆ చెయ్యి కంటికి తగిలిందో, అంతే సంగతులు, ఆ పూటకు ఆట లేదు. అందుకే మా దగ్గర డ్రిబ్లింగు కంటే ముందు నేర్పేది ఒకటుండేది: చెయ్యి మొఖానికి పోవద్దు. చెమట కారితే తల వంచి, భుజం పైకెత్తి, చొక్కా రెక్కకు చెంపా కన్నూ రాసుకోవాలి. కొత్తగా వచ్చిన పిల్ల ఒకట్రెండు సార్లు ఏడ్చేది, తర్వాత ఏడవమన్నా ఏడ్చేది కాదు. తుమ్ములూ దగ్గులూ మాకు లెక్కే లేదు. దగ్గుతూనే ఆడేవాళ్లం.

మా అమ్మను నేను అవ్వా అని పిలిచేదాన్ని, మా వాడలో అందరం అంతే. అవ్వ ఆ గచ్చు అంచునే పదిమంది ఆడవాళ్లతో కలిసి కూర్చొని మిరపకాయలకు తొడిమలు తీసేది. నాన్న మార్కెట్లో హమాలీ. నా పొడుగు అవ్వ నుంచే వచ్చింది. తలుపు దూరాలంటే ఇద్దరం వంగాల్సిందే. అవ్వకు మా ఆట మీద ఏ అభిప్రాయమూ లేదు గానీ కాయ మీద మాత్రం ఉండేది. "ఓ పొడుగుదానా! గా బంతి జర ఇటు రాకుంట ఆడుండ్రే! కాయ పలుగుతాంది!" అని అక్కడి నుంచే కేకేసేది. సెలవుల్లో నేనూ ఆమె పక్కన కూర్చొని తొడిమలు తీశాను. సాయంత్రానికి వేళ్లు భగభగమంటే చల్లలో ముంచి కూర్చునేదాన్ని. ఆ పని మీద నాకు చిన్నచూపు లేదు, కానీ జన్మంతా ఆ పనే చేస్తూ కూర్చోవాలని కూడా లేదు. ఈ ముక్క చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. నాకు ఆడాలని ఉండేది. పొద్దునా సాయంత్రం ఆడాలని, నా బతుకంతా ఆ బంతితోనే గడవాలని ఉండేది.

డెబ్బైల చివర్లో, నా చదువు ఇంటర్‌తో ఆగిపోయిన ఏడు, డ్రిల్లు సారు సైకిల్ మీద రొప్పుకుంటూ మా ఇంటికొచ్చాడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసు ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ టీమును నడుపుతోందట. ఆ టీములో ఆడేవాళ్లకు ఆ ఆఫీసులోనే ఉద్యోగం. మధ్యాహ్నం దాకా బల్ల ముందు పని, ఆ తర్వాత ఆట, నెల కాగానే జీతం. వాళ్లు మన పిల్లలతో ఒక ఆట ఆడటానికి వస్తున్నారు, నచ్చితే ఒక పిల్లను తీసుకుపోతారు, నీ సంగతి నేను చెప్పి ఉంచాను అన్నాడు.

అవ్వ నోరు తెరుచుకొని చూసింది. "బంతాడితే జీతమిస్తరా సారూ? ఎవలు గా పిచ్చోళ్లు?"

"ఇస్తరమ్మా. సర్కారు కొలువు లెక్కనే."

"అయితే నేను గుడ నేర్చుకుంట," అంది అవ్వ. కానీ ఆ సాయంత్రం నా చొక్కా తనే ఉతికి, మడత పెట్టి తల కింద పెట్టుకుంది, ఇస్త్రీ అవుతుందని.

వాళ్లు వచ్చిన రోజున ఎండ మండిపోతోంది. గచ్చును మేము ఒకటికి రెండుసార్లు ఊడ్చాం. టీము దిగింది. తెల్లటి బూట్లు, భుజాల మీద టవళ్లు, అందరిలో పెద్దది వాళ్ల కెప్టెన్, సికింద్రాబాద్ అమ్మాయి. వెనకాలే వాళ్ల మేనేజరు, గొడుగు కింద. డ్రిల్లు సారు ఎదురెళ్లి వాళ్లకు మంచిగానే చెప్పాడు, నా చెవులతో విన్నాను: "అమ్మా, చేతులు కండ్లకు తాకనియ్యకుండ్రి. ఇది మిర్చి గచ్చు. జర పైలం." పిల్లలు నవ్వారు. మేనేజరు గారైతే, "మావాళ్లు బొంబాయిలో ఆడొచ్చారండీ మాస్టారూ," అన్నాడు. బొంబాయిలో మిర్చి ఆరబోస్తారా?

మొదటి సగం ఇంకా అవ్వలేదు. కెప్టెన్ బంతి వదిలేసి అరచేత్తో నుదురు తుడుచుకుంది, అక్కడి నుంచి కంటికి. అబ్బ! ఆ అరుపు మార్కెట్టు గేటు దాకా వినపడి ఉంటుంది. ఆమెను చూడటానికి వచ్చిన ఇంకో అమ్మాయి ఆమె కన్ను తుడవబోయి, అదే చేత్తో తన కన్నూ తుడుచుకుంది. మూడో అమ్మాయికి తుమ్ములు పట్టుకున్నాయి, ఆగవు. గచ్చు చుట్టూ చేరిన హమాలీలు, రైతులు విరగబడి నవ్వారు. నవ్వు నాకూ వచ్చింది, ఎందుకు దాచాలి! చెప్పినా వినకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

నవ్వనిది అవ్వ ఒక్కతే. తొడిమలు తీసే ఆడవాళ్లకు ఒక అలవాటుంది. కొంగుకు కారం తగలకుండా వెనక్కి తిప్పి నడుములో దోపుకుంటారు, అది ఒక్కటే వాళ్ల ఒంటి మీద శుభ్రంగా ఉండే గుడ్డ. అవ్వ పరుగెత్తుకుంటూ వచ్చి, వేళ్లు తగలకుండా రెండు మణికట్ల మధ్యన కొంగు పట్టుకొని ఉండ చేసి, నోటి దగ్గర పెట్టుకొని హా అని ఊది, ఆ వెచ్చదనం పోకముందే కెప్టెన్ కంటికి అద్దింది. "కన్ను నలువకు బిడ్డా. నీళ్లు కారనియ్యి. అదే పోతది." మళ్లీ ఊదింది, మళ్లీ అద్దింది. ఆ అమ్మాయి అవ్వ భుజం పట్టుకొని చిన్నపిల్లలాగా నిలబడింది.

మేనేజరు గొడుగు పారేసి కోర్టు మధ్యలోకి వచ్చాడు. అప్పటికి మేము ముందున్నాం. నేనే ఎక్కువ బాస్కెట్లు వేశాను. ఆ సంగతి కూడా ఆయనకు మండుతూ ఉండొచ్చు.

"ఇది కావాలని చేసిన పని. బంతికి కారం పూశారు," అన్నాడు. డ్రిల్లు సారు చేతులు జోడించాడు. ఆయన వినలేదు. నన్ను వేలు పెట్టి చూపించాడు. "ఈ అమ్మాయిని తీసుకోవాలనే అనుకున్నాను. ఇప్పుడు అందరి ముందూ వచ్చి, మేము చేసింది తప్పయింది అని చెప్పమనండి. ఒక్క మాట. చెబితే ఉద్యోగం. లేకపోతే మా దారి మాది."

డ్రిల్లు సారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బిడ్డా, అనరాదూ. ఒక్క మాటనే గదా. నోరేమన్న అరిగిపోతదా?"

నేను గచ్చు అంచు వైపు చూశాను. ఆడవాళ్లందరూ తొడిమలు తీయడం ఆపేసి నా వైపే చూస్తున్నారు. కాయ పోసిన రైతులు పట్టా పక్కన నిలబడి ఉన్నారు. నేను తప్పయిందంటే వీళ్లందరూ దొంగలవుతారు. కెప్టెన్ కన్ను అద్దుతున్న మా అవ్వ దొంగవుతుంది. ఉద్యోగం కావాలి, ప్రాణం పోయేంతగా కావాలి. కానీ నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవలు పూసిండ్రు సార్?" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగానే వచ్చింది. "మేమేం పూయలే. ఇక్కడ ఎప్పుడూ గిట్లనే ఉంటది. మా సారు ముందే చెప్పిండు, మీరు ఇనలే. మీకు అనుమానముంటే గచ్చు కడుగుదాం. కడిగినంక మిగిలిన ఆట ఆడుదాం. తప్పయిందని మాత్రం నేను అన."

మేనేజరు మొఖం కందగడ్డయింది. అంతలో కెప్టెన్ ఒక కన్ను మూసుకొనే, "కడగనివ్వండి సార్. ఆడతాం," అంది.

కడిగారు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు మార్కెట్టు నల్లా నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు. రైతులు కుప్పను ఇంకా అవతలికి లాగారు. హమాలీలు చీపుర్లు పట్టారు. ఎర్రటి నీళ్లు పారి పారి తెల్లబడ్డాయి. ఆ ఎండకు గచ్చు ఎంతలో ఆరిపోయిందనుకున్నారు! బంతిని కూడా సబ్బుతో కడిగారు.

మిగిలిన ఆటలో ఓడిపోయాం, చిత్తుగా. దగ్గూ తుమ్మూ లేకపోతే వాళ్ల ముందు మేమెంత? వాళ్లు రోజూ ఆడేవాళ్లు, జీతం తీసుకొని ఆడేవాళ్లు. నేను మాత్రం ఊపిరి అందనంతగా పరుగెత్తాను. దొరికిన ప్రతి బంతినీ రింగు మీదికి విసిరాను. ఓడిపోయినందుకు నాకేం బాధ కలగలేదు. బాధంతా ఉద్యోగం పోయిందనే.

ఆట అయ్యాక కెప్టెన్ నా దగ్గరికి వచ్చింది. "ఏయ్, కోర్టు కడిగేశారు కదా. ఇంకా చెమట చేత్తో ఎందుకు తుడుచుకోవు?"

అప్పుడు గానీ నేను గమనించలేదు. కడిగిన గచ్చు మీద కూడా భుజంతోనే తుడుచుకుంటున్నాను. "అలవాటక్కా," అన్నాను.

"ఎప్పటి నుంచి?"

"బంతి పట్టినకాడి నుంచి."

ఆమె మా వాళ్లందరి వైపూ చూసింది. అందరూ అంతే. తల వంచడం, భుజం ఎత్తడం. ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లింది. "సార్, కడిగిన కోర్టులో కూడా వీళ్లలో ఒక్కరి చెయ్యీ మొఖం దగ్గరికి పోలేదు. ఇవాళ మన కోసం పూసిన కారమైతే ఇంత అలవాటు ఎక్కడిది? ఇది ఏళ్లుగా ఉన్న కారం." ఆయన గొడుగు తెరిచాడు, మూశాడు.

ఎండాకాలం గడిచాక నాకు కబురొచ్చింది, వచ్చి చేరమని. కెప్టెన్ పట్టుబట్టిందని తర్వాత తెలిసింది. చేరిన రోజే మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "ఆడతావు, అందుకే తీసుకున్నాను. కానీ టెంపరరీ. ఆ రోజు అననన్న మాట నీ నోటితో ఎప్పుడు వింటానో, ఆ రోజు పర్మనెంటు."

"సరే సార్," అని బయటికొచ్చాను. సరే అన్నది ఆడటానికి.

ఆడాను. నాగపూర్, మద్రాసు, కలకత్తా, రైలు ఎక్కడికి తీసుకుపోతే అక్కడ ఆడాను. చెక్క నేల మీద ఆడాను, దీపాల వెలుగులో ఆడాను. టీములో నా పేరు మిర్చి. మొదట్లో వెక్కిరింపుకు పెట్టారు, తర్వాత కోర్టు బయటి నుంచి "మిర్చీ! మిర్చీ!" అని అరవడం మొదలుపెట్టారు. నా తర్వాత చేరిన పిల్లలు ఒక్కొక్కరే పర్మనెంటు అయిపోయారు. నేను కాలేదు. టెంపరరీ అంటే ఏమిటో అది అనుభవించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మోకాలు వాచినా దవాఖానకు పోవడానికి సెలవుండదు, కుంటుకుంటూ దిగాలి. రేపు రావద్దు అంటే ఎల్లుండి నేను మళ్లీ గచ్చు అంచున కూర్చోవాల్సిందే. ఏడాదికొకసారి మేనేజరు పిలిచేవాడు. "ఏమ్మా, గుర్తొచ్చిందా ఆ మాట?"

"ఏ మాట సార్?" అనేదాన్ని. ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి ఆ గది బయట ప్యూను కూడా నన్ను చూడగానే నవ్వేవాడు.

ఒకసారి మాత్రం నా పట్టు సడలింది. మోకాలు నొప్పితో ఇంటికొచ్చి పడుకున్నాను. "అవ్వా, అనేద్దామా? ఒక్క మాటనే గదా," అన్నాను.

అవ్వ నా మోకాలికి నూనె రాస్తూ ఆగింది. "నీ ఇష్టమే బిడ్డా. కాకుంటే నువ్వు తప్పయిందంటే, పూసింది నేనైత గదనే. ఆ పొద్దు గా గచ్చు అంచున కూసున్నది నేనాయె." అని మళ్లీ నూనె రాయడం మొదలుపెట్టింది. ఇంకోసారి నేను ఆ ఊసెత్తలేదు.

ఎనభైలు సగం గడిచాక మా టీము జిల్లాలు తిరుగుతూ వరంగల్ వచ్చింది. అదే గచ్చు. అదే కాయల కాలం. పొద్దున్నే మా పిల్లలందరినీ నిలబెట్టి నేర్పించాను: చెయ్యి మొఖానికి పోవద్దు, ఇదిగో ఇలా, భుజం ఎత్తాలి. ఒక్కొక్కరి చేతా చేయించాను. మేనేజరు గచ్చు కడిగించమన్నాడు. "అక్కర్లేదు సార్, మేము ఆడతాం," అన్నాను. గర్వం! నాకు అంతా తెలుసుననే గర్వం.

ఎదురుగా మా వాడ పిల్లలు, డ్రిల్లు సారు కొత్తగా తయారుచేసిన వాళ్లు. అవ్వ వచ్చి నా చెంప మీద మణికట్టుతో ఒక్కటి తట్టి, పోయి వాళ్ల వైపు కూర్చుంది.

"ఎటు దిక్కే నువ్వు?" అని అరిచాను.

"గీ పొల్లల దిక్కు. నీకెట్లాగూ జీతమొస్తాంది గదా!" గచ్చు చుట్టూ అందరూ గొల్లుమన్నారు.

ఆ పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. ఇంకొద్దిసేపట్లో ఆట అయిపోతుందనగా వాళ్లు రెండు పాయింట్లు ముందున్నారు. బంతితో పైకి లేచిన నన్ను ఒక పిల్ల తోసేసింది. రెండు ఫ్రీ త్రోలు. గీత దగ్గర ఒక్కదాన్నే నిలబడ్డాను. చెమట కనుబొమల మీది నుంచి కారుతోంది. బంతి చంకలో పెట్టుకొని, అరచేత్తో మొఖం తుడుచుకున్నాను.

రెండు కళ్లూ! నిప్పులు పోసినట్టయింది. బంతి ఎటు పోయిందో తెలియదు. ఆడవాళ్లు "అయ్యో" అనడం వినపడింది. ఎలా మరిచాను? పొద్దున్న అందరికీ నేర్పింది నేనే. వాళ్లలో ఒక్కరూ మరవలేదు, మరిచింది నేను. హైదరాబాద్ టవళ్లు నా చేతులను మార్చేశాయి, అది నాకే తెలియలేదు. మంట కంటే ఆ సిగ్గు ఎక్కువ మండింది.

మేనేజరు గొంతు నా చెవి పక్కనే వినపడింది. "మళ్లీ అదే పని! చూశావా, నీ వాళ్లే నీ కళ్లల్లో కారం కొట్టారు. ఆట ఆపించేస్తాను. ఇప్పుడైనా ఒప్పుకో. వీళ్లు చేశారని, అప్పుడూ వీళ్లే చేశారని, తప్పయిందని అను. రేపు పొద్దున్నే నీ పర్మనెంటు ఆర్డరు."

"ఎవలూ ఏం చల్లలే సార్," అన్నాను. హైదరాబాద్‌లో నేర్చుకున్న భాషంతా ఎటో పోయింది. "నేనే మరిచిన. ఆట ఆపేది లేదు. నువ్వు ఆర్డరు ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు."

ఇవ్వలేదు. ఆయన రిటైరై వెళ్లిపోయాక గానీ నాకు ఆ కాగితం రాలేదు. రాకపోతే పోయె! ఆ రోజు ఆట కూడా ఓడిపోయాం. మొదటి బంతి పడింది, రెండోది రింగు తిరిగి బయటికొచ్చింది. ఒక్క పాయింటుతో మా వాడ పిల్లలు గెలిచారు, అవ్వ వాళ్లతో కలిసి ఎగిరింది. అదంతా తర్వాత సంగతి.

అప్పటికి మాత్రం నేను కళ్లు మూసుకొని గీత దగ్గర నిలబడి, "అవ్వా!" అని పిలిచాను. ఆమె వచ్చిన చప్పుడు తెలిసింది, మిర్చి వాసన తెలిసింది. గడ్డాన్ని మణికట్టుతో పైకెత్తింది. హా అని ఊదింది. వెచ్చటి కొంగు కంటి మీద పడింది.

"తప్పయిందే అవ్వా," అన్నాను.

అన్నేళ్లుగా ఆయన నా నోటి నుంచి వినాలనుకున్న మాట అదే. మా పక్కనే నిలబడి ఉన్నాడు, విన్నాడు. కానీ నేను అన్నది ఆయనతో కాదు.

"మరి? పట్నం పోంగనే మిర్చి తీపైందనుకున్నవా?" అంది అవ్వ. "కదలకు. ఇంకో కన్ను తే."

రెండో కన్ను కూడా అద్దించుకొని, బంతి ఇమ్మని చేతులు చాచాను.